రాలిన ఆకు చేసే పని

మాఘం దాటేసరికి మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం అడవుల్లో టేకు, మద్ది ఆకు రాల్చేస్తాయి. చూసేవాళ్లకు అడవి ఎండిపోయినట్టే ఉంటుంది. నిజానికి చెట్టు నీళ్లు పొదుపు చేస్తోంది. ఆకులు లేవు కాబట్టి వాటి నుంచి ఆవిరయ్యే తేమా లేదు. అసలు పని రాలిన ఆకుది.

తొలకరి పడ్డాక ఆ ఆకుల పొరను చేత్తో పక్కకు తీసి చూడండి. పైన టేకాకుల జల్లెడ మిగిలి ఉంటుంది. దాని కింద సగం కుళ్లిన ముక్కలు, వాటిని అల్లుకున్న తెల్లటి బూజు దారాలు. ఇంకా కింద మెత్తటి నల్లమన్ను, చెదలు తొలిచిన కన్నాలు. వాన నీరు నేలలోకి ఎక్కువగా దిగేది ఆ కన్నాల గుండా, వేళ్ల సందుల గుండానే. విశాలమైన టేకాకు మీద చేరి జారే చుక్క మామూలు చినుకు కన్నా పెద్దది. కింద ఆకుల పొర, పొదలు లేకపోతే ఆ చుక్కే మన్నును ఎగరగొడుతుంది. అందుకే అడుగు ఊడ్చినట్టున్న టేకు తోటను అడవి అనడానికి నాకు మనసొప్పదు.

కొట్టుకుపోయిన మన్ను చేరేది చెరువుల్లోకే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు చుట్టూ అడవే. మున్నేరు పుట్టేదీ అక్కడే.

అయితే అడవి అన్ని వానలనూ ఆపలేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వరదలోనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. అంత వాన పడితే ఏ నేలైనా నిండిపోతుంది.

చెట్లు నీళ్లు తాగుతాయన్నదీ నిజమే. బుర్కినా ఫాసోలో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, చెట్లు మరీ దట్టంగానూ మరీ పలచగానూ లేని చోటే భూగర్భజలం ఎక్కువగా చేరుతుందని తేలింది. జనగామ లాంటి మెట్ట ప్రాంతానికి ఇది కొండంత ధైర్యం. చేలగట్ల మీద వేప, మోదుగ ఉన్నా మేలే.

నేల మీది ఈ ఆకుల పొరకు పెద్ద శత్రువు వేసవి మంట. ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని, తునికాకు లేతగా చిగురించాలని కొందరు నిప్పు పెడతారు. ఏరుకునేవాళ్లకు అది బతుకుతెరువు, వాళ్లను తిట్టి లాభం లేదు. ఇప్పచెట్టు కింద వలో పాత చీరో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా వస్తుంది. తునికి పొదలకు కొమ్మ కొడితే మంట లేకుండానే చిగురు వస్తుంది. కొమ్మ కొట్టినందుకు ఇచ్చే కూలి డబ్బు తునికాకు సీజన్‌కు ముందే చేతికి అందాలి.