లైకులకు లెక్క లేకున్నా, పైసలకు లెక్కుంటది

మా ఊరి వంటలు, ముచ్చట్లు నేను యూట్యూబుల పెడ్త. మొదటి పైసలు బ్యాంకుల పడ్డనాడు ఇంట్ల పండుగ చేసుకున్నం. పన్ను సంగతి ఎవ్వలకూ యాదికి రాలె. ఏడాదైనంక ఆడిటర్ చెప్తె తెలిసింది, దీన్ని వ్యాపార ఆదాయం కింద చూపాలె అని. ఇంటర్నెట్, ఎడిటింగ్ ఖర్చులు, కెమెరా తరుగుదల తీసేసినంక మిగిలినదాని మీదనే పన్ను లెక్క. బిల్లులు దాచలె గనుక నాకు ఖర్చులు చూపే దారి లేకపాయె.

కంపెనీలు 'ఫ్రీ'గ ఇచ్చే ఫోన్లు సుత ఆదాయమే. ఒక కంపెనీ ఇచ్చినయి ఏడాదిల 20,000 రూపాయలు దాటితె 10 శాతం టీడీఎస్. 2022 జులై నుంచి ఇదే రూలు. రివ్యూ చేసి వాపస్ ఇస్తె ఈ తిప్పల లేదు. మొత్తం రాబడి 20 లక్షలు దాటితె జీఎస్టీ రిజిస్ట్రేషన్ సుత కావాలె.

అమెరికాల ఉన్న మనోళ్లు చూస్తె వచ్చే పైసల మీద అక్కడ సుత కోత ఉంటది. ట్యాక్స్ ఫారం నింపితె ఆ వాటాల 15 శాతమే పోతది. నింపకుంటె మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా కొయ్యొచ్చు.

పట్నంల పెద్ద ఛానళ్లకు సీఏలుంటరు. పల్లెల ఫోన్ పట్టిన పిల్లగాండ్లకు ఎవరున్నరు? యూట్యూబ్ పాఠాలు చెప్పే సర్కారు శిక్షణల్ల ఈ లెక్క సుత చెప్పాలె. అందాక బిల్లులు దాచున్రి, వచ్చినదాంట్ల కొంత పక్కకు పెట్టున్రి.