కొండెక్కే ముందు... డబ్బా చూశారా?

పలాస నుంచి మహేంద్రగిరికి వ్యాను మాట్లాడుకుంటే టైర్లు చూస్తాం, డీజిల్ చూస్తాం. బ్రేకాయిల్ డబ్బా మాత్రం ఎవరికీ గుర్తురాదు. సుమారు 1,500 మీటర్ల కొండ దిగేటప్పుడు అందరి ప్రాణాలూ దానిమీదే మరి!

యాత్రల వ్యాను అయినా, మంచాలూ వంటగదీ ఉండే మోటార్‌హోమ్ అయినా చాలావాటిలో బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు, క్యాబిన్ గోడ పక్కనే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డు దగ్గర మూత కింద ఉంటుంది. దొరక్కపోతే బండితో ఇచ్చిన పుస్తకం చూడాలి.

బండిని చదునైన చోట ఆపాలి. డబ్బామీద ‘మ్యాక్స్’, ‘మిన్’ గీతల మధ్య ఆయిల్ ఉంటే సరే. తగ్గితే ఊరికే పోసేయొద్దు. ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, ఎక్కడో కారుతూ ఉండొచ్చు. మెకానిక్‌కు చూపించాల్సిందే. మూత తీసేముందు దుమ్ము తుడవాలి. మూతమీద రాసిన రకమే పోయాలి.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపుగాలి తగిలే ఉద్దానంలో మరింత జాగ్రత్త అవసరం. కొత్త డాట్-4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కితే ఆయిల్ మరిగి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలి. దిగేటప్పుడు చిన్న గేరులోనే రావాలి.