తాళం కార్డులో లేదు

జాకార్డు మగ్గం మీద వేలాడే అట్టల దండ కూడా మెమరీ కార్డే. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఎమ్మిగనూరులో, ఆ సంఘానికి ముందూ తర్వాతా మగ్గమే బతుకైన ఇళ్ళలో ఈ మాట వింతగా వినిపించదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, ఆ పోగు కిందే ఉండిపోతుంది. 1725లో ఫ్రాన్సులోని లియాన్‌లో బాసిల్ బూషాన్ చిల్లులు పెట్టిన కాగితపు చుట్టతో మొదలుపెట్టిన ఆలోచనను 1804 నాటికి జోసెఫ్ మారీ జాకార్డ్ పనికొచ్చే యంత్రంగా మలిచాడు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మగ్గం అట్టను చదువుతుందే తప్ప దాని మీద రాయలేదు. చిల్లులు కొట్టే యంత్రం వేరు, ఆ పని చేసే మనిషి వేరు. నేతగాడు ఎంత తొందరపడినా అంచులో నెమలి బొమ్మ చెరిగిపోదు. చదవడం ఒకచోట, రాయడం మరోచోట ఉన్నంతకాలం కార్డుకు తాళం అక్కరలేకపోయింది.

చదివే యంత్రమే రాయడం కూడా మొదలుపెట్టాక తాళం అవసరమైంది. పెద్ద కంప్యూటర్ల అయస్కాంత టేపు చుట్టకు వెనుక ఒక ప్లాస్టిక్ ఉంగరం తొడిగేవారు. ఉంగరం ఉంటేనే యంత్రం రాసేది, తీసేస్తే చదివి ఊరుకునేది. పాటల క్యాసెట్ల సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. వెనుక అంచున ఉన్న చిన్న రేకను విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు, ఆ గుంటకు టేపు ముక్క అంటిస్తే మళ్ళీ అవుతుంది. ఫ్లాపీల కథ ఇంకా విలువైన సాక్ష్యం. ఎనిమిది అంగుళాల ఫ్లాపీకి అంచున ఉన్న గాటును మూసేస్తేనే రాయవచ్చు. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీకి అదే గాటును మూసేస్తే రాయడం ఆగిపోతుంది. గాటు ఒకటే, అర్థాలు రెండూ ఎదురెదురు. అంటే ఆ అర్థం గాటులో లేదు, దాన్ని తడిమి చూసే డ్రైవులో ఉంది. కార్డు మీద రాసే అధికారం కార్డుది కాదు, దానికీ మనకూ నడుమ ఉన్న యంత్రాలది. ఈ సంగతి మరిచిపోవడం వల్లనే నేడు ఎన్నో మంచి కార్డులు చెత్తబుట్టలో పడుతున్నాయి.

1999లో సాన్‌డిస్క్, మత్సుషితా, తోషిబా కలిసి ప్రకటించిన ఎస్‌డీ కార్డు ఈ వంశంలోని తాజా తరం. దాని లోపలి ఫ్లాష్ మెమరీ తోషిబాలో ఫుజియో మసుయోకా ఆలోచన నుంచి పుట్టింది. దీనికి రాయడం తేలిక, చెరపడం కష్టం. పేజీల చొప్పున రాసుకుంటుంది గానీ, చెరపాలంటే ఎన్నో పేజీలున్న దిమ్మెను ఒక్కసారిగా చెరపాల్సిందే. ఆ తంటాలన్నీ పడటానికి కార్డులోనే ఒక చిన్న కంట్రోలర్ చిప్ కూర్చుని ఉంటుంది. కార్డు ఎడమ అంచున జరిగే బుడిపె ఉంటుంది, పక్కన 'లాక్' అని ఉంటుంది. ఆ బుడిపెకూ లోపలి చిప్‌కూ ఏ తీగా లేదు. బుడిపె కిందికి జరిగిందో లేదో కార్డుకు తెలియనే తెలియదు. కార్డు రీడరులోని మీట దాన్ని తాకి చూసి కంప్యూటరుకు చెబుతుంది, ఆ మాట వినాలో వద్దో కంప్యూటరు ఇష్టం. మీట వంగిన రీడరులో పెడితే బుడిపె తెరిచే ఉన్నా 'లాక్' అనే వస్తుంది. మైక్రో ఎస్‌డీకి ఆ బుడిపె కూడా లేదు.

కార్డుకూ మనకూ నడుమ నిలిచే యంత్రాల్లో వర్చువల్ మెషీన్ ఒకటి, ఇక దాని దగ్గరికి వద్దాం. ఒక కంప్యూటరు లోపల మరో కంప్యూటరు ఉన్నట్టు నడిపించే ఈ విద్య కొత్తదేమీ కాదు. 1967 నాటికే ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రంలో సీపీ-40 పనిచేస్తోంది. 1999లో వీఎంవేర్, 2007లో వర్చువల్‌బాక్స్ దాన్ని మామూలు కంప్యూటర్లలోకి తెచ్చాయి. విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థి, అది ఆదోనిలో కానీ హైదరాబాదులో కానీ, లినక్స్ నేర్చుకునేది ఎక్కువగా దీనిలోనే. దానిలోంచి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు కోసం మైక్రో ఎస్‌డీ కార్డు తయారుచేయబోతే 'అనుమతి లేదు' అన్న మాట ఎదురవుతుంది. లోపలి యంత్రం బాడుగ గదిలో ఉన్నవాడి లాంటిది. వీధిలోంచి వచ్చిన వస్తువు ఇంటి యజమాని చేతిలోంచే దాటాలి. ఆ యజమాని మన అసలు కంప్యూటరు, అంటే హోస్ట్. లోపలి యంత్రం గెస్ట్.

కాబట్టి వెతుకులాట కింది నుంచి పైకి సాగాలి. ఆదోని యార్డుకు తెచ్చిన పత్తి మిల్లుకు చేరకపోతే పత్తిని తప్పుపట్టే ముందు వేలంలో ఆగిందా, తూకంలో ఆగిందా అని చూస్తారు కదా, ఇదీ అంతే. మొదట కార్డును మరో యంత్రంలో, మరో రీడరుతో పరీక్షించాలి. అక్కడ రాస్తే కార్డు నిర్దోషి. తర్వాత అసలు కంప్యూటరులో రాయించాలి. అక్కడే ఆగితే బుడిపెనో, విండోస్ డిస్కుకు తగిలించిన చదువు-మాత్రమే గుర్తునో, ఆఫీసు యంత్రమైతే అక్కడి భద్రతా నియమాన్నో చూడాలి. అక్కడ రాసి లోపల రాయకపోతేనే దోషం వర్చువల్ మెషీన్‌ది. చాలా ల్యాప్‌టాప్‌ల సొంత కార్డు గాడి యూఎస్‌బీ దారిలో ఉండదు, పీసీఐ దారిలో ఉంటుంది. అందుకే వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ జాబితాలో అది కనబడనే కనబడదు. బయటి యూఎస్‌బీ రీడరు పెడితే కనబడుతుంది. అసలు కంప్యూటరు కూడా లినక్స్ అయితే, మన పేరు 'వీబాక్స్‌యూజర్స్' అనే గుంపులో ఉండాలి. కార్డునే ఒక డిస్కుగా గెస్ట్‌కు నేరుగా అప్పగించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. విస్టా కూర్పు నుంచి విండోస్, తాను తెరిచి పెట్టుకున్న కార్డు భాగం మీద ఇతరులను నేరుగా రాయనివ్వదు. ముందు ఆ కార్డును విండోస్ చేతి నుంచి విడిపించాలి, ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటరుగా నడపాలి. వీటన్నిటి తర్వాత గెస్ట్ లోపలి లినక్స్ వంతు. ఫైల్ వ్యవస్థలో లోపం కనబడితే అది తనంతట తానే చదువు-మాత్రమే స్థితికి దిగిపోవచ్చు. ఆ కారణం 'dmesg' ఆదేశంతో బయటపడుతుంది.

కార్డుకు సొంత తాళం అసలే లేదనడం తప్పు కదా అని తెలిసినవారు అడగవచ్చు. నిజమే, కార్డు లోపలి సీఎస్‌డీ రిజిస్టరులో తాత్కాలికంగా, శాశ్వతంగా రాయడాన్ని ఆపే రెండు బిట్లున్నాయి. అరిగిపోయిన కార్డులు కొన్ని చివరి దశలో రాయడం మానేసి, ఉన్నదాన్ని మాత్రం చదవనిస్తాయి. కానీ అక్కడ కూడా నిర్ణయం ఫ్లాష్ మెమరీది కాదు, దాని ముందు కాపలా ఉన్న కంట్రోలరుది. పైగా అలాంటి కార్డు ఏ యంత్రంలో పెట్టినా రాయనివ్వదు గనుక మొదటి పరీక్షలోనే దొరికిపోతుంది. ఇంత తిప్పలెందుకు, అసలు కంప్యూటరు నుంచే రాయవచ్చు కదా అన్నది మరో ప్రశ్న. సిద్ధంగా ఉన్న డిస్కు ఇమేజిని కార్డుకు ఎక్కించడమే పనైతే అదే మేలు, ఇందులో వాదం లేదు. అయితే రాస్‌బెర్రీ పై కార్డులోని ప్రధాన భాగం ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉంటుంది. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరరు దాన్ని నేరుగా తెరవదు. అందులోని ఫైలు మార్చాలంటే లినక్స్ ఉంటే సులువు.

అన్ని అనుమతులూ తెరిచేస్తే పోతుంది కదా అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒకే కార్డును హోస్టూ గెస్టూ ఒకేసారి తెరిస్తే, ఒకటి రాసింది రెండోదానికి తెలియదు. రెండూ తమ జ్ఞాపకంలోని పాత పట్టికను నమ్మి రాస్తాయి, ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. నేరుగా డిస్కు ఇచ్చేటప్పుడు కార్డు అంకెకు బదులు హార్డ్ డిస్కు అంకె కొడితే ఏళ్ళ పని క్షణంలో పోతుంది. విసుగు పుట్టించే ఆ 'అనుమతి లేదు' అడ్డుపడేది ఈ ప్రమాదానికే.

కనుక రాసే ముందు కార్డును ఒక్కరి చేతిలోనే ఉంచండి. రాయడం అయ్యాక ముందు గెస్ట్‌లో ఎజెక్ట్ చేసి, తర్వాత వర్చువల్ మెషీన్ నుంచి విడదీసి, హోస్ట్ కూడా వదిలేశాకే రీడరు నుంచి బయటికి తీయండి.