గెట్టు మీది నిప్పు అడవికి పాకనీయొద్దు

ఖానాపూర్ చుట్టూ ఉన్న టేకు అడవి ఎండాకాలం ముందే ఆకు రాలుస్తుంది. ఆ ఎండుటాకుకు నిప్పంటితే గాలికి గుట్ట దాకా పాకుతుంది. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ కూడా పక్కనే ఉంది. అందుకే అటవీశాఖ వారు ఎండలు ముదరకముందే అగ్నిరేఖల మీది గడ్డి, ఆకు తామే కాల్చి శుభ్రం చేస్తారు. కాలేది ఏమీ లేని చోట మంట ఆగుతుంది. కిటుకంతా ఇదే.

మీ చెల్కకూ ఇదే సూత్రం. పత్తికట్టె, మొక్కజొన్న మోళ్లు తుక్కు చేయించి దున్నితే భూమికి బలం. తప్పక కాల్చాల్సి వస్తే, ముందు చేను చుట్టూ పది అడుగుల మేర గడ్డి చెక్కి సాళ్లు వేయండి. గాలి లేని పూట, నలుగురు తోడుండగా, నీళ్లు, పచ్చి మండలు దగ్గర పెట్టుకొని చిన్న కుప్పలుగా కాల్చండి. అడవి అంచున చేనుంటే మాత్రం కాల్చనే వద్దు.

ఇప్పపువ్వు ఏరేవారు చెట్టు కింద ఆకు కాల్చే బదులు, ఊడ్చి పాత చీర పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది.

మంట ఆరిందని వెంటనే ఇంటికి పోవద్దు. మొద్దులో నిప్పు మర్నాటికీ రాజుతూనే ఉంటుంది. నీళ్లు పోసి, బూడిద కెలికి చూడండి. 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. మంట చేయి దాటితే ఆలస్యం చేయక 101కు ఫోన్ చేయండి.