ధ్రువపు మంచు – ఉప్పుటేటి పోటు

భీమవరం పిల్లలకు మంచుగడ్డ వింతవస్తువు కాదు. రొయ్యలను, చేపలను దూరప్రాంతములకు పంపుటకై పెట్టెలలో పరచు ఐసును వారు నిత్యము చూచుచునే యుందురు. అయినను పాఠములో ఆర్కిటిక్ మాట వచ్చినపుడు అది తమకు సంబంధింపని దూరదేశపు వార్తగనే వారికి తోచును. ఈ దూరమును తగ్గించుటకు ఉపాధ్యాయునకు రెండు గాజుగ్లాసులు చాలును.

మొదటి గ్లాసులో నీరు పోసి ఐసుముక్కను తేలవేయవలెను. రెండవదానిలో నీటికి పైగా నిలుచునట్లు ఒక రాయి నుంచి, దానిపై ఐసు పెట్టవలెను. నీటిమట్టములను గుర్తించి, ఐసు కరగువరకు వేచియుండవలెను. మొదటిదానిలో నీరు గుర్తుకడనే నిలుచును. రెండవదానిలో గుర్తును దాటును. ఆర్కిటిక్ సముద్రముపై తేలు మంచు మొదటి గ్లాసు వంటిది. గ్రీన్‌లాండు నేలను కప్పిన మంచు రెండవదాని వంటిది. అది యంతయు కరగినచో ప్రపంచమున సముద్రమట్టము సుమారు 7 మీటర్లు పెరుగును. అది శతాబ్దములకొలది సాగవలసిన పని. కాని కరగుట ఇప్పటికే మొదలైనది.

అట్లని తేలుమంచు కరగిన నష్టము లేదనుకొనరాదు. తెల్లని మంచు ఎండను తిప్పికొట్టును. అది పోయినచోట నల్లని నీరు వేడిని త్రాగును. ఆ వేడికి మరికొంత మంచు కరగును. 1979 నుండి ఆర్కిటిక్ ప్రాంతము ప్రపంచపు సగటు కంటె దాదాపు నాలుగురెట్లు వేగముగ వేడెక్కినదని 2022లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. ఈ మార్పులను పరిశీలించుటకే భారతదేశము 2008 జులై 1న స్వాల్‌బార్డ్ దీవులలో ‘హిమాద్రి’ కేంద్రమును తెరచినది. 2014లో అచటి సముద్రపుపాయలో ‘ఇండార్క్’ అను పరికరముల వరుసను నీటిలో నిలిపి, వెచ్చదనమును, ఉప్పదనమును కొలుచు ఏర్పాటు చేసినది.

ఇక పాఠము ఇంటిముంగిటికి రావలెను. డెల్టా పల్లపునేల. పొలములకు కాలువ నీరు పారుట యెంత ముఖ్యమో, మురుగునీరు సముద్రమునకు దిగిపోవుట యంత ముఖ్యము. భారీవర్షములనాడు సముద్రము పోటుమీద నున్నచో ఉప్పుటేరు, యనమదుర్రు డ్రెయిను వంటి మార్గములలో నీరు త్వరగా దిగదు, చేలు మునుగును. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. అది పెరిగినకొలది మురుగు దిగుట కష్టమగును, ఉప్పునీరు లోపలికి చొచ్చును.

అయితే రైతు కష్టమునంతయు ధ్రువముపై మోపుట పాఠము కాదు. వేడెక్కిన సముద్రజలము ఉబ్బుట, ఇతర పర్వతముల మంచు కరగుట, నదిపై జలాశయములు ఒండ్రును ఆపుట, డ్రెయిన్లు పూడిపోవుట – వీనిలో దేని పాలు దానికి కలదు. వానిని విడదీసి చూచుట నేర్చిన విద్యార్థి భయపడడు, మోసపోడు.

అమావాస్య, పౌర్ణమి దినములలో పోటునీరు ఎచటిదాక వచ్చినదో ఏటిగట్టున గుర్తు పెట్టించి, ఏటేట ఆ లెక్కను పాఠశాలలో భద్రపరచిన చాలును. పదియేండ్ల తరువాత ఆ పుస్తకము రాబోవు తరగతికి విలువైన పాఠ్యగ్రంథ మగును.