సైబర్ టవర్స్: కూల్చాలా, నిలపాలా?

హైదరాబాద్ మాదాపూర్‌లో శిల్పారామానికి కూతవేటు దూరంలో ఉన్న పది అంతస్తుల సైబర్ టవర్స్, హైటెక్ సిటీలో కట్టిన తొలి భవనం. ఎల్ అండ్ టీ, ఏపీఐఐసీల ఉమ్మడి సంస్థ నిర్మించిన దీన్ని 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో పని మొదలుపెట్టింది ఇక్కడే. గుండ్రటి కట్టడం నాలుగు భాగాలుగా ఉంటుంది. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ స్థలం, అందులో ఫౌంటెన్. చుట్టూ రాళ్ల గుట్టలు తప్ప మరేమీ లేని ఆ రోజుల్లో జిల్లాల నుంచి వచ్చినవాళ్లు దీని ముందు ఫొటో దిగేవారు.

దీనిపై తగవు కూడా అప్పుడే మొదలైంది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దీన్ని ప్రగతికి ఆనవాలుగా చూపించింది. పల్లెల్లో కరువుతో రైతులు ఉరి పోసుకుంటుంటే అద్దాల మేడలేమిటని ప్రతిపక్షాలు నిలదీశాయి. 2004లో ఆ ప్రభుత్వం ఓడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక హైటెక్ సిటీ ఘనత ఎవరిదన్న వాదన మొదలై, ఇప్పటికీ తెగలేదు. పల్లెలకు జరిగిన నష్టమూ నిజమే, వేలాది ఇళ్లకు ఈ ప్రాంతం ఉపాధి చూపిందన్నదీ నిజమే.

ఈలోగా వ్యాపారం పడమరకు జరిగింది. 2006 నాటి నిబంధనలు ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణంతో పోలిస్తే ఎంత నిర్మాణం చేయవచ్చన్న నిష్పత్తి) పరిమితిని తీసేశాయి. రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ స్థలం, ఫైర్, విమానాశ్రయ అనుమతులు కుదిరితే ఎన్ని అంతస్తులైనా లేపవచ్చు. అవుటర్ రింగ్ రోడ్డు రావడంతో నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ, కోకాపేట రూపు మారిపోయింది. నిన్నమొన్నటి వరకూ పొలాలు, బండలుగా ఉన్న పుప్పాలగూడలో నేడు ఆకాశహర్మ్యాలు బారులు తీరాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇలాంటి ధరల మధ్య పది అంతస్తులంటే లెక్కలు చూసేవారికి నేల వృథా అనిపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో, ఇంతకంటే కొత్తవైన రెండు భవనాలను పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలకూల్చారు. వాటి చోట పెద్ద టవర్ల కోసమే ఆ పని.

సైబర్ టవర్స్‌కు ఆ గతి పట్టకూడదు. ఇలాంటి భవనంలో ముందుగా పాతబడేవి ఏసీ చిల్లర్లు, లిఫ్టులు, వైరింగ్, అద్దాలు. కాంక్రీటు చట్రం వాటికంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ నిలుస్తుంది. చట్రాన్ని ఉంచి మిగతావి మార్చుకుంటే గుట్టల కొద్దీ శిథిలాలను ఊరవతల పోయాల్సిన పని ఉండదు, కొత్త సిమెంటు భారమూ తప్పుతుంది. పార్కింగ్ ఇరుకే. కానీ 2019 నుంచి హైటెక్ సిటీకి మెట్రో ఉంది.

చట్టం అండ మాత్రం తక్కువ. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కింద రక్షణ దొరకాలంటే కట్టడానికి వందేళ్లు నిండాలి. అంటే 2098 దాకా ఆగాలి. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చకుండా హైకోర్టు ఆపింది గానీ అది నిజాం కాలపు భవనం. రాష్ట్ర వారసత్వ జాబితాకు వయసు ఒక్కటే కొలత కాకూడదు. వారసత్వ కట్టడాన్ని కాపాడుతూ వాడుకునే యజమానికి టీడీఆర్ (మరోచోటికి బదిలీ చేయగల నిర్మాణ హక్కులు) ఇచ్చే వీలు భవన నిబంధనల్లోనే ఉంది. సైబర్ టవర్స్‌ను ఆ జాబితాలో చేరిస్తే, యజమానులు ఆ హక్కులను పుప్పాలగూడలోనో కోకాపేటలోనో అదనపు అంతస్తులు వేసుకునే బిల్డర్లకు అమ్ముకోవచ్చు. భవనాన్ని బాగు చేయించే ఖర్చులో కొంత అలా చేతికొస్తుంది.