32 బైట్లలో ప్రొద్దుటూరు

కడప జిల్లాలోని వల్లూరు నేడు సామాన్యమైన మండల కేంద్రముగా కనబడుచున్నను, పదుమూడవ శతాబ్దిలో కాయస్థ ప్రభువైన అంబదేవుడు రాజధానిగా చేసికొని పాలించిన పట్టణమది. దానికి చేరువనే పెన్న యొడ్డున పుష్పగిరి క్షేత్రమును, కొంత దవ్వున ఎఱ్ఱగుంట్ల ప్రాంతమున, క్రీ.శ. 575 నాటిదిగా పండితులు నిర్ణయించిన తెలుగు శాసనమునకు నెలవైన కలమళ్ళయు నున్నవి. ఆనాడు శాసనము చెక్కిన శిల్పికి ఎదుట నున్న ఱాయి ఎంతయో, చెక్కవలసిన మాట ఎంతయో రెండును కంటి యెదుటనే యుండెను. చోటు చాలనిచో వాడు ఉలిని ఆపియుండును. ఆ సీమలోని ఊరి పేర్లే నేడు కంప్యూటరు జ్ఞాపకమున ఇముడవలసి వచ్చినపుడు, చోటెంత, మాటెంత అని సరిచూచు బాధ్యత ఎవరిది అను ప్రశ్నకు సీ భాష చెప్పిన తొలి సమాధానము, ప్రోగ్రాము వ్రాయువానిదే యని. ఆ భారమును మోయుటకు వానికి తోడ్పడవలసిన చిన్న చిన్న ఫంక్షనులను గూర్చి, అవి తెలుగు పేర్లకు ఎంతవఱకు న్యాయము చేయుచున్నవో అను విషయమును గూర్చి ఇచట కొంత విచారింతము.

సీ భాషను 1970వ దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో డెన్నిస్ రిచీ రూపొందించెను. అర్ధశతాబ్దము గడచినను ఆ భాషకు వాడుక తప్పలేదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు ఆధారమైన లినక్స్ కెర్నెలును, ఆ ఫోనులోని అప్లికేషనులు పేర్లను, సందేశములను భద్రపఱచుకొను ఎస్‌క్యూలైట్ డేటాబేసును ప్రధానముగా సీ భాషలో వ్రాయబడినవే. అయినను ఇంతటి భాషకు మాటను మాటగా గుర్తించు శక్తి లేదు. అది ఎఱిగినది బైట్ల వరుస మాత్రమే. పేరు గాని, చిరునామా గాని ఒకదాని ప్రక్క నొకటిగా పేర్చిన బైట్లై నిలుచును. ఆ వరుస ఎక్కడ ముగిసినదో తెలుపుటకై చివర సున్న విలువ గల బైటు ఒకటి యుంచబడును. దానిని నల్ అందురు, ఆ వరుసను స్ట్రింగు అందురు. స్ట్రింగు పొడవు వేఱుగా ఎక్కడను వ్రాసియుండదు; కావలసినపుడెల్ల మొదటినుండి నల్ దొరకువఱకు లెక్కించుకొనవలసినదే.

ఈ ఏర్పాటు అజాగ్రత్తవలన కలిగినది కాదు. సీ భాషకు పూర్వరూపములలో నొకటియైన బీసీపీఎల్‌లో స్ట్రింగు మొదటనే దాని పొడవును తెలుపు సంఖ్య యుండెడిది. దానినుండి కెన్ థామ్సన్ బీ భాషను కల్పించినపుడు ఆ సంఖ్యను తీసివేసి చివర గుర్తును పెట్టెను. ఎనిమిది, తొమ్మిది బిట్ల చోటులో ఇమిడెడి సంఖ్య స్ట్రింగు పొడవునకు హద్దు విధించుట యొక కారణమనియు, ఆ సంఖ్యను సర్వదా సరిచూచుకొనుటకంటె చివరి గుర్తు సుకరముగా తోచుట మఱియొక కారణమనియు రిచీయే తరువాతి కాలమున వ్రాసియున్నాడు. వారి యంత్రములకును, వారు వ్రాసెడి ఆంగ్లాక్షరములకును అది చక్కగా సరిపోయినది. కాని పొడవు తెలియని వస్తువును ఒకచోటినుండి వేఱొకచోటికి చేర్చునపుడు కలుగు ప్రమాదము తరువాతి తరములకు సంక్రమించినది.

మన ఊళ్ళ పేర్లతోనే ఆ ప్రమాదమును పరీక్షింపవచ్చును. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాయునపుడు ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు ప్రతిదానికిని మూడు బైట్లు కావలయును. వల్లూరు అను పేరు మన కంటికి మూడక్షరములు. యూనికోడ్ దృష్టిలో అది వ, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘము, ర, కొమ్ము అని ఏడు సంకేతములు. అనగా 21 బైట్లు, నల్‌తో కలిపి 22. జమ్మలమడుగు, పులివెందుల అను పేర్లకు 30 బైట్ల చొప్పున పట్టును. ప్రొద్దుటూరునకు 36. ఇస్కీ అను 1991 నాటి భారతీయ ప్రమాణములో సంకేతమునకు ఒక్క బైటే కనుక వల్లూరు ఏడు బైట్లలో ఒదిగెడిది. ఆ లెక్కతో కట్టిన పాత పట్టికలలో నేటి యూనికోడ్ పేర్లు పట్టకపోవుటలో ఆశ్చర్యమేమియు లేదు.

ఒక విద్యార్థి ఊరి పేరునకు 32 బైట్ల బఫరును, అనగా అంతటి నిర్ణీతమైన చోటును, కేటాయించె ననుకొనుడు. వల్లూరు, జమ్మలమడుగు, పులివెందుల అందులో నల్‌తో సహా సుఖముగా ఇముడును; అతడు ఆ మూడు పేర్లతో పరీక్షించి తన ప్రోగ్రాము నిర్దుష్టమని నమ్మును. పిదప ప్రొద్దుటూరు వచ్చును. స్ట్ర్‌కాపీ అను ఫంక్షను మూలమునుండి నల్ కనబడువఱకు ఒక్కొక్క బైటును గమ్యస్థానమున వేయుచు పోవునే గాని, ఆ గమ్యస్థానమున చోటెంత యున్నదో దానికి చెప్పినవారు లేరు, చెప్పుటకు అందు వీలును లేదు. నల్‌తో కలిపి 37 బైట్లు బయలుదేఱి, 32 బఫరులో పడగా, మిగిలిన అయిదు ప్రక్కనున్న దానిపై పడును. ప్రక్కన ఆ ఊరి జనసంఖ్య యుండిన అది తాఱుమాఱగును. ఫంక్షను ముగిసిన పిదప తిరిగి పోవలసిన చిరునామా యుండిన ప్రోగ్రాము దారి తప్పును. అన్నింటికంటె ఘోరమైనది, ఏమియు కానట్లే కొంతకాలము నడచి, మఱెక్కడనో, మఱెప్పుడో కూలుట.

పొరపాటున పడిన అయిదు బైట్లకే ఇంత యైనచో, బుద్ధిపూర్వకముగా ఎన్నుకొని పంపిన బైట్లు చేయు హానికి మేర యుండదు. 1988 నవంబరు 2వ తేదీన రాబర్ట్ టాపన్ మారిస్ అను విద్యార్థి ఇంటర్నెట్‌లోనికి విడిచిన ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. అది లోనికి చొరబడిన మార్గములలో నొకటి, ఫింగర్ అను సేవలో 512 బైట్ల బఫరులోనికి గెట్స్ ఫంక్షనుతో పంక్తిని చదువుచుండుట. అది పంపినవి 536 బైట్లు. గెట్స్‌నకు బఫరు పరిమాణమును తెలుపు అవకాశమే లేదు గనుక దానిని జాగ్రత్తతో వాడుట యనునది అసాధ్యము. 2011 నాటి సీ ప్రమాణమునుండి దానిని పూర్తిగా తొలగించిరి. తొలగించుటకు ఇరువది మూడేండ్లు పట్టుట శోచనీయము.

నివారణోపాయముగా పలువురు మొదట స్ట్ర్‌ఎన్‌కాపీని ఆశ్రయించిరి, నేటికిని పాఠ్యపుస్తకములలో కొన్ని దానినే సురక్షితమని బోధించుచున్నవి. ఇది సరికాదు. పూర్వపు యూనిక్స్‌లో ఫైలు పేరునకు డైరెక్టరీలో సరిగా 14 బైట్ల గడి యుండెడిది. అట్టి స్థిరమైన గడిని నింపుట దాని పని. మాట చిన్నదైనచో మిగిలిన చోటంతయు సున్నలతో నింపును; మాట గడికి సమానమైనను మించినను చివర నల్ పెట్టకయే విడిచిపెట్టును. నల్ లేని స్ట్రింగును తరువాత చదువబోయిన ఫంక్షను హద్దు దాటి పరుల చోటులోనికి చదువుకొని పోవును. వ్రాతలోని ప్రమాదము చదువులోని ప్రమాదముగా మాఱినదే గాని తీఱలేదు.

ఈ లోపమును గుర్తించి ఓపెన్‌బీఎస్‌డీ అను ఆపరేటింగు సిస్టము నిర్మాతలైన టాడ్ మిల్లర్, థియో డి రాట్ అనువారు 1998లో స్ట్ర్‌ఎల్‌కాపీ, స్ట్ర్‌ఎల్‌క్యాట్ అను రెండు ఫంక్షనులను కూర్చిరి. వీనికి గమ్యస్థానపు పూర్తి పరిమాణమును చెప్పవలయును. పరిమాణము సున్న కానంతవఱకు స్ట్ర్‌ఎల్‌కాపీ నల్‌తోనే ముగించును. అంతకంటె ముఖ్యముగా, తాను చేర్పగలిగినది ఎంతయో కాక, చేర్పవలసియుండినది ఎంతయో తిరిగి చెప్పును. ప్రొద్దుటూరును 32 బైట్లలోనికి పంపిన 36 అని బదులిచ్చును; ఆ సంఖ్య 32కు తక్కువ కాదు గనుక పేరు తెగినదని తెలిసికొనవచ్చును. 1999 నాటి సీ ప్రమాణమున చేరిన ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ బదులు చెప్పు తీరును ఇట్టిదే. మంచి సహాయ ఫంక్షనునకు ఉండవలసిన ప్రధాన గుణమిదియే యని నా నిశ్చితాభిప్రాయము: చోటు ఎంతయో వినవలయును, జరిగినది ఏమో దాచక చెప్పవలయును.

అయినను గ్నూ సీ లైబ్రరీ నిర్వాహకులు స్ట్ర్‌ఎల్‌కాపీని, స్ట్ర్‌ఎల్‌క్యాట్‌ను చిరకాలము అంగీకరింపలేదు. బదులు చెప్పిన సంఖ్యను ప్రోగ్రామరు పట్టించుకొననిచో మాట తెగుట కప్పిపుచ్చబడుననుట వారి ఆక్షేపణ. అందు సత్యము లేకపోలేదు. కడకు 2023లో వెలువడిన 2.38 సంచికలో వానికి చోటిచ్చిరి. స్ట్ర్‌ఎల్‌కాపీకి ఇంకొక లోపమును గలదు: మూలము పొడవును చెప్పుటకై దాని నంతటిని చివరివఱకు చదువవలసి వచ్చును, మూలమునకే నల్ లేనిచో అదియు హద్దు దాటును. అందుచే లినక్స్ కెర్నెలువారు 2015లో స్ట్ర్‌ఎస్‌కాపీ అను వేఱొక ఫంక్షనును ప్రవేశపెట్టిరి. చోటు చాలనపుడు అది పొడవునకు బదులు ఋణసంఖ్యారూపమైన దోషసూచనను ఇచ్చును.

ఇంతవఱకు చెప్పిన సురక్షితత్వమంతయు యంత్రపు సురక్షితత్వము. అక్షరపు సురక్షితత్వము వేఱు. వల్లూరును 20 బైట్ల బఫరులోనికి స్ట్ర్‌ఎల్‌కాపీతో పంపుడు. నల్‌కు ఒకటి పోగా 19 బైట్లు వ్రాయబడును. ఆఱు సంకేతములకు 18 పోయి, చివరి కొమ్మునకు చెందిన మూడు బైట్లలో మొదటిది మాత్రము మిగులును. జ్ఞాపకమునకు హాని లేదు, ప్రోగ్రాము కూలదు. కాని తెర మీద వల్లూర అని, దాని ప్రక్క అర్థములేని గుర్తు ఒకటి కనబడును. ఆంగ్లములో వ్రాసిన పేరునకు ఇట్టి దుర్గతి కలుగదు. మన భాష వంటి భాషలలోనే గోచరించు దోషమును పరదేశపు పరీక్షకుడు కనుగొనునని ఎదురుచూచుట వ్యర్థము.

ఈ దోషమును సవరించుట కష్టము కాదు. యూటీఎఫ్-8లో సంకేతపు మధ్యనుండు బైట్ల విలువలు 128 మొదలు 191 వఱకే యుండును. కోతకు వెలుపల పడిన మొదటి బైటు అట్టిదైనచో, సంకేతపు తొలి బైటు దొరకువఱకు వెనుకకు జరిగి అచట కోయవలయును. అపుడు వల్లూర అని మిగులును. విఱిగిన బైటు పోయినది గాని తుది యక్షరము ఇంకను వికలమే. అందుచే తెలుగెఱిగిన ఫంక్షను ఇంకొక మెట్టు దిగి, కోతకు ముందున్నది పొల్లయినను, తరువాతనున్నది గుణింతపు గుర్తో పొల్లో సున్నయో అయినను మఱికొంత వెనుకకు జరిగి, వల్లూ అను రెండు నిండక్షరములతో నిలువవలయును. తెరపై వార్తాశీర్షికను కుదించుటకు ఇది చాలును. భూమి పట్టాలోని ఊరి పేరునకు, పరీక్షాపత్రములోని విద్యార్థి పేరునకు చాలదు. అట్టిచోట కుదించుటయే అపచారము, చోటు చాలలేదని చెప్పి పనిని నిరాకరించుటయే ధర్మము. ఎక్కడ కోయవచ్చునో, ఎక్కడ కోయరాదో ఫంక్షనునకు తెలియదు, దానిని పిలుచువాడు నిర్ణయింపవలయును.

తెలుగు స్ట్రింగు ఎంత పని చేయగలదో లోకమునకు 2018 ఫిబ్రవరిలో తెలియవచ్చినది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని నాన్‌జాయినర్ సంకేతము, దీర్ఘము ఈ వరుసలో వచ్చిన సందేశము ఐఓఎస్ 11.2.5 గల ఐఫోనులకు చేరినంతనే సందేశముల అప్లికేషను కూలిపోయెను. నోటిఫికేషనుగా వచ్చినచో ఫోను తెర సాంతము తిరిగి మొదలగుచుండెను. పత్రికలు దీనిని తెలుగక్షరపు దోషముగా వర్ణించినవి గాని అక్షరము చేసిన నేరమేమియు లేదు. అక్షరములను కూర్చి చూపు ఆపిల్ సాఫ్ట్‌వేరులో జ్ఞాపకము చెడిపోవుటయే కారణమని ఆ సంస్థయే ప్రకటించి, లోనికి వచ్చు స్ట్రింగును మఱింత శ్రద్ధతో సరిచూచునట్లు 11.2.6 సంచికలో ఫిబ్రవరి 19న దిద్దినది. అది కాపీ ఫంక్షను దోషమని నేను చెప్పుట లేదు. బయటినుండి వచ్చు మాట తాను ఊహించిన ఆకారముననే యుండునని ప్రోగ్రాము నమ్మరాదనుట మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాలలోను, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలోను, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోను సీ భాష నేర్పు అధ్యాపకులకు నా మనవి యొకటి గలదు. ల్యాబులో విద్యార్థులచేత ఆంగ్లపు మాటలకు బదులు తమ ఊరి పేరును, ఇంటిపేరును తెలుగులో ఇప్పించుడు. బఫరును బుద్ధిపూర్వకముగా చిన్నదిగా ఉంచుడు. స్ట్ర్‌కాపీ ఏమి చేసినదో, స్ట్ర్‌ఎల్‌కాపీ ఎక్కడ కోసినదో, అది బదులిచ్చిన సంఖ్యను వారు సరిచూచిరో లేదో అడుగుడు. అక్షరమును విఱువక కోయు ఫంక్షనును వారిచేతనే వ్రాయించి, ప్రొద్దుటూరు పేరుతో పరీక్షించిన పిదపనే మార్కులు వేయుడు.